సైకిల్‌పై ఆఫీసుకు... ఆయాసం వద్దు, అలవాటు ముద్దు

సైకిల్ మీద ఆఫీసుకు వెళ్దామని చాలామంది మొదలుపెడతారు. నెల తిరక్కముందే ఆ సైకిల్ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము పట్టి ఉంటుంది. అడిగితే ‘టైం కుదరడం లేదండీ’ అంటారు. కాస్త తరచి అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. మొదటి రోజు నుంచే పక్కన వెళ్లే స్కూటర్లతో పోటీపడ్డట్టు తొక్కుతారు. ఆఫీసుకు చేరేసరికి చొక్కా తడిసిపోతుంది, తొడలు పట్టేస్తాయి. ఇక మర్నాడు సైకిల్ తీయబుద్ధి కాదు. లోపం పట్టుదలలో కాదు, వేగంలో ఉంది.

మిగిలేది 5 నిమిషాలే

మీ ఇల్లు భవానీపురంలో, ఆఫీసు 5 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయనుకుందాం. గంటకు 15 కి.మీ. వేగంతో వెళ్తే 20 నిమిషాలు పడుతుంది. 20 కి.మీ. వేగంతో తొక్కితే 15 నిమిషాలు. కుమ్మరిపాలెం సెంటర్ దాటి వన్‌టౌన్ ట్రాఫిక్‌లో పడితే ఆ తేడా కూడా మిగలదు. ఒంటికి శ్రమ మాత్రం బాగా పెరుగుతుంది. వేగంతో పాటు గాలి అడ్డు కూడా పెరగడమే దీనికి కారణం. కృష్ణ ఒడ్డున ఎదురుగాలి వీచే రోజున ఇది మీకే తెలుస్తుంది.

నెమ్మదైనా లాభమే

పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కావాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన. రానూపోనూ 40 నిమిషాల చొప్పున ఐదు రోజులు తొక్కితే 200 నిమిషాలు. వేరే జిమ్ అక్కర్లేదు. బ్రిటన్‌లో 2.63 లక్షల మందిని పరిశీలించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, కారు, బస్సుల్లో వెళ్లేవారికంటే సైకిల్‌పై పనికి వెళ్లేవారిలో మరణం ముప్పు 41 శాతం తక్కువగా కనిపించింది. అదంతా సైకిల్ చలవేనని చెప్పలేం గానీ, దారి మంచిదే.

మాటే కొలమానం

తొక్కుతూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. రెండు మాటలకే రొప్పు వస్తుంటే తగ్గించండి. బీపీకి వాడే కొన్ని మాత్రలు గుండె వేగాన్ని తగ్గిస్తాయి. అవి వాడేవారు చేతి గడియారంలో కనిపించే అంకె కంటే ఈ పరీక్షనే నమ్ముకోవడం మేలు. పెడల్ కిందికి వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగేలా సీటు ఎత్తు పెట్టించుకోండి.

ఉత్సాహం నిలవాలంటే...

* మొదటి నెల వారానికి రెండు రోజులు చాలు.
* వేగం కాదు, తొక్కిన రోజులు లెక్కపెట్టండి. క్యాలెండర్‌లో టిక్కు పెట్టే పని పిల్లలకు అప్పగించండి.
* టైర్లలో గాలి, బ్యాగులో ఇంకో చొక్కా రాత్రే చూసుకోండి.
* షుగర్, పొట్ట, పెట్రోలు ఖర్చు... మీ కారణం మీదే. పక్కింటివారి వేగంతో పోలిక వద్దు.
* ఎండాకాలంలో 8 గంటల లోపే బయల్దేరండి. నీళ్ల సీసా, హెల్మెట్ తప్పనిసరి.

వీరు జాగ్రత్త

గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ తీసుకునేవారికి దారిలో షుగర్ పడిపోవచ్చు కాబట్టి జేబులో గ్లూకోజు ఉంచుకోవాలి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం వంటివి ఉంటే వెంటనే ఆగి సాయం అడగండి. ‘ఆఫీసుకు చేరాక చూద్దాంలే’ అనుకోవద్దు.