పేరు లేని జర్మన్ ఆంప్లిఫయర్‌ను ఇలా చదివాం

మా బడికి గత విద్యా సంవత్సరంలో ఒక పాత వాల్వు ఆంప్లిఫయర్ విరాళంగా వచ్చింది. బూడిద రంగు ఇనుప పెట్టె. ముందు వైపు ఐదు నాబ్‌లు, వెనుక వైపు గుండ్రటి సాకెట్లు. ఒక మనిషి కష్టపడి ఎత్తేంత బరువు. కంపెనీ పేరు ఉండాల్సిన చోట రేకు ఊడిపోయి రెండు మర రంధ్రాలే మిగిలాయి. మోడల్ నంబరూ లేదు. పాత ఇనుము కింద అమ్మేద్దామా, బాగుచేయించి వాడుకుందామా అన్నది బడి కమిటీ ముందున్న ప్రశ్న. ప్రతి ఆగస్టు పదిహేనుకూ, వార్షికోత్సవానికీ మైకు సెట్టు అద్దెకు తెచ్చుకునే బడి మాది. అందుకే రెండో దారినే ఎంచుకున్నాం.

జర్మనీ యంత్రం ఒడిశాకు ఎలా వచ్చిందని తల్లిదండ్రులు కొందరు అడిగారు. రూర్కెలా ఉక్కు కర్మాగారాన్ని పశ్చిమ జర్మనీ సహకారంతో కట్టారు. అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో పని మొదలుపెట్టింది. ఆ రోజుల్లో వందలాది జర్మన్ నిపుణులు అక్కడ ఉండేవారు. తిరిగి వెళ్లేటప్పుడు వాళ్లలో ఒకరు అమ్మిన సామానులో ఇదొకటని దాత కుటుంబం చెప్పింది. ఆ ఇంటి పెద్దాయన అదే కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు.

యంత్రం బాగుచేయాలంటే సర్క్యూట్ పటం కావాలి. పటం దొరకాలంటే కంపెనీ పేరు, మోడల్ నంబరు తెలియాలి. అవేవీ లేనప్పుడు ఏం చేయాలి? యంత్రం మీద, యంత్రం లోపల ఉన్న ప్రతి అక్షరాన్నీ చదవాలి. మా పదో తరగతి పిల్లలు, వాల్వు రేడియోల కాలం నుంచి మా ఊళ్లో దుకాణం నడిపిన ఒక పెద్దాయన, మేము కలిసి చేసింది ఇదే. ఆయన్ని పిల్లలు తాతగారని పిలుస్తారు, మేమూ అలాగే పిలుస్తాం.

ముందు ప్లగ్గు పెట్టకూడదు

పాత యంత్రం దొరకగానే అందరికీ ఒకటే ఆత్రం, స్విచ్ వేసి చూడాలని. తాతగారు మొదట ఆపింది అదే. ఏళ్ల తరబడి వాడని ఆంప్లిఫయర్‌లో కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా కరెంటు ఇస్తే అవి షార్టయి, ట్రాన్స్‌ఫార్మర్‌నూ కాల్చేస్తాయి. కండెన్సర్ పోతే కొత్తది కొనవచ్చు, పేరు తెలియని యంత్రానికి ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఎక్కడా దొరకదు. అందుకే మొదటి వారమంతా దుమ్ము దులపడం, ఫొటోలు తీయడం, కనిపించిన రాతలన్నీ నోటుబుక్కులో ఎక్కించడంతోనే గడిచింది.

నాబ్‌ల కింది మాటలు

ముందు పలక మీద రాతలన్నీ జర్మన్‌లో ఉన్నాయి. పిల్లలు నిఘంటువు చూసి ఒక్కో మాటకూ తెలుగు రాశారు. 'నెట్స్' అంటే వల. ఊరంతా పరుచుకున్న విద్యుత్ తీగల వల అన్నమాట, అంటే మెయిన్స్ స్విచ్. 'లౌట్‌ష్టెర్కె' అంటే శబ్దపు బలం, మనం వాల్యూమ్ అనేది. 'హోయెన్' అంటే ఎత్తులు, 'టీఫెన్' అంటే లోతులు. ఒకటి ట్రెబుల్, రెండోది బాస్. సంగీతం నేర్చుకుంటున్న ఒక అమ్మాయి వెంటనే "తార స్థాయి, మంద్ర స్థాయి కదండీ మాస్టారూ" అంది. పలక మీద గిటారు, మైక్రోఫోన్ అని కూడా ఉంది. దాంతో ఇది ఇంట్లో పాటలు వినే పెట్టె కాదు, వేదిక మీద పాడేవాళ్లకు, వాయించేవాళ్లకు చేసినదని తేలింది.

ఫ్యూజు దగ్గరి రాత మరో పాఠం చెప్పింది. అక్కడ 0 తర్వాత కామా పెట్టి 63 అని ఉంది. జర్మన్ పద్ధతిలో దశాంశానికి చుక్క బదులు కామా వాడతారు. అంటే 0.63 ఆంపియర్లు. పక్కన 'ట్రేగె' అని ఉంది. ఆ మాటకు బద్ధకమని అర్థం. స్విచ్ వేసిన క్షణంలో వచ్చే కరెంటు ఉప్పెనను కాసేపు ఓర్చుకుని, నిజమైన ప్రమాదం ఉంటేనే కాలే ఫ్యూజు అది. 'ఫ్లింక్' అంటే చురుకైనది, వెంటనే కాలేది. ఇప్పుడు మన దుకాణాల్లో దొరికే గాజు ఫ్యూజుల మీద టి, ఎఫ్ అనే అక్షరాలుంటాయి. అవి ఈ రెండు జర్మన్ మాటల మొదటి అక్షరాలే.

వాల్వు పేరులోనే దాని పని

పెట్టె మూత తీస్తే ఐదు వాల్వులు కనిపించాయి. మూడింటి మీద ఈసీసీ 83, రెండింటి మీద ఈఎల్ 84 అని ఉంది. ఐరోపాలో 1934 నుంచి వాల్వులకు పేర్లు పెట్టే పద్ధతి ఒకటి ఉంది. మొదటి అక్షరం ఫిలమెంటును ఎలా వేడి చేయాలో చెబుతుంది. 'ఈ' అంటే 6.3 వోల్టులు. తర్వాతి అక్షరాలు లోపల ఏముందో చెబుతాయి. 'సీ' అంటే ట్రయోడ్, 'ఎల్' అంటే స్పీకర్‌ను నడిపించే పవర్ పెంటోడ్. 'సీసీ' అంటే ఒకే గాజు గొట్టంలో రెండు ట్రయోడ్‌లు. అంకె 8తో మొదలైతే కింద తొమ్మిది చిన్న పిన్నులుంటాయి. ఈ లెక్క తెలిస్తే ఎప్పుడూ చూడని వాల్వు చేతికొచ్చినా అది ఏ పనికో చెప్పేయవచ్చు.

ఒక వాల్వు అడుగున, పిన్నుల మధ్య గాజులో పోతపోసిన వజ్రాకారపు గుర్తు ఉంది. అది టెలిఫుంకెన్ వాల్వుల గుర్తు. "అయితే ఈ ఆంప్లిఫయర్ ఆ కంపెనీదే" అన్నారు పిల్లలు. తాతగారు తల అడ్డంగా ఊపారు. "ఇంటి గోడలోని ఇటుక మీద బట్టీ పేరుంటుంది. ఇల్లు కట్టినవాడి పేరు అదే అవుతుందా?" అన్నారు. ఆ కంపెనీ వాల్వులను ఎందరో ఆంప్లిఫయర్ తయారీదారులు కొనేవారు. పైగా వాల్వులు ఊడదీసి మార్చగలిగేవి. కాబట్టి వాల్వు మీది పేరు యంత్రం పేరుకు రుజువు కాదు.

వయసు ఎలా తేలింది?

వెనుక పలక మూలన 'మేడ్ ఇన్ వెస్టర్న్ జర్మనీ' అని ఆంగ్లంలో ఉంది. పశ్చిమ జర్మనీ 1949లో ఏర్పడింది, 1990లో రెండు జర్మనీలు ఒకటయ్యాయి. ఈఎల్ 84 వాల్వు 1953లో మార్కెట్లోకి వచ్చింది. కాబట్టి అంతకు ముందు ఈ యంత్రం పుట్టి ఉండదు. ఇంకా దగ్గరికి రావడానికి కండెన్సర్లు సాయపడ్డాయి. అల్యూమినియం డబ్బాల మీద నెల, సంవత్సరం గుద్ది ఉన్నాయి. ఒకదాని మీద 8/61, ఇంకోదాని మీద 10/61. రెండింటి అతుకులూ ఫ్యాక్టరీలో వేసినవే, ఎవరూ కదిపిన జాడ లేదు. అంటే 1961 అక్టోబరుకు ముందు దీన్ని బిగించి ఉండరు. విడి భాగాల్లో అన్నిటికన్నా కొత్తది ఏదో అదే యంత్రం వయసుకు హద్దు. చరిత్ర పాఠంలో శాసనాల కాలం తేల్చే తర్కం కూడా ఇలాంటిదేనని మా సోషల్ మాస్టారు పిల్లలకు వివరించారు.

వెనక నుంచి గీసిన పటం

పేరు దొరకలేదు, కానీ పటం గీయడానికి సరిపడా సంగతులు దొరికాయి. వాల్వుల డేటా పత్రాలు సులభంగా దొరుకుతాయి. ఈఎల్ 84లో రెండో పిన్ను గ్రిడ్, మూడోది కేథోడ్, ఏడోది ఆనోడ్. స్పీకర్ దగ్గర మొదలుపెట్టి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్, అక్కడి నుంచి రెండు ఈఎల్ 84లు, వాటి నుంచి ఈసీసీ 83లు, చివరికి మైకు సాకెట్ వరకు ఒక్కో తీగనూ పట్టుకుని వెనక్కి నడిచాం. రెండు పవర్ వాల్వులు వంతులవారీగా ఒకటి తోస్తూ, ఒకటి లాగుతూ పనిచేసే పుష్‌పుల్ పద్ధతి అది. ఈ జంట నుంచి పది వాట్లు దాటిన శబ్దం వస్తుంది. తరగతి గదులు కలిపిన మా హాలుకు అది చాలు.

చెడినవేమిటి, మార్చినవేమిటి

కరెంటు ఇవ్వకుండానే మల్టీమీటర్‌తో ట్రాన్స్‌ఫార్మర్ చుట్లు చూశాం. అన్నీ తెగకుండా ఉన్నాయి. పెద్ద ఊరట అది. ఎండిన ఫిల్టర్ కండెన్సర్ల స్థానంలో 450 వోల్టులు తట్టుకునే కొత్తవి వేశాం. వాల్వుకూ వాల్వుకూ మధ్య ఉండే పాత కాగితపు కండెన్సర్లన్నీ మార్చాం. ఇవి శబ్దపు తరంగాన్ని పంపాలి, డీసీ వోల్టేజీని ఆపాలి. కాగితం చెమ్మగిల్లితే డీసీ కారి తర్వాతి వాల్వు గ్రిడ్ మీద పడుతుంది. అప్పుడు ఆ వాల్వు మితిమీరి కరెంటు లాగి, ఆనోడ్ ఎర్రగా కాలిపోతుంది. కొద్ది రూపాయల వస్తువు ఖరీదైన వాల్వును, దాని వెనకే ట్రాన్స్‌ఫార్మర్‌ను తినేసేది ఇలాగే.

ఏసీని డీసీ చేసే భాగం సెలీనియం పలకలది. దాని మీద 'బి 250 సి' అని మొదలయ్యే రాత ఉంది. 'బి' అంటే జర్మన్‌లో 'బ్ర్యూకె', వంతెన. 250 అనేది వోల్టులు. వయసు మీరిన సెలీనియం వేడెక్కి కాలితే వెలువడే పొగ విషపూరితం. పిల్లలుండే చోట దాన్ని ఉంచదలచుకోలేదు. బదులుగా నాలుగు సిలికాన్ డయోడ్‌లు పెట్టాం. అవి పాత పలకల కన్నా తక్కువ వోల్టేజీ తింటాయి కాబట్టి మిగతా భాగాల మీద ఎక్కువ వోల్టులు పడకుండా ఒక రెసిస్టర్ జత చేశాం.

రెండు పిన్నుల పాత తీగ తీసేసి, ఎర్తు ఉన్న మూడు తీగల కేబుల్ వేసి ఇనుప పెట్టెకు ఎర్తు కలిపాం. మైకు పట్టుకునేది పిల్లల చేయి, దీని మీద బేరం లేదు. వోల్టేజీ మార్చే బిళ్ల 220 దగ్గర ఉంటే 240కి తిప్పాం. సామాను ఖర్చంతా వెయ్యి రూపాయల లోపే అయింది.

ఓం సూత్రం పనికొచ్చిన చోటు

మొదటిసారి కరెంటు ఇచ్చింది సిరీస్ బల్బు ద్వారానే. 60 వాట్ల బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే మంచిది, వెలుగుతూనే ఉంటే లోపల షార్టు ఉన్నట్టు. మా బల్బు మసకబారింది. ఆ తర్వాతే నేరుగా మెయిన్స్‌కు కలిపి కొలతలు తీశాం. గ్రిడ్‌ల మీద సున్నా చూపింది, అంటే కారడం లేదు. రెండు పవర్ వాల్వుల ఉమ్మడి కేథోడ్ రెసిస్టర్ 130 ఓములు, దాని మీద 10.4 వోల్టులు. "ఎంత కరెంటు?" అని బోర్డు మీద రాయించాం. 10.4ను 130తో భాగిస్తే 0.08 ఆంపియర్, అంటే 80 మిల్లీ ఆంపియర్లు. ఒక్కో వాల్వుకు 40. డేటా పత్రంలోని హద్దు లోపలే ఉంది. పరీక్ష కోసం బట్టీ పట్టిన సూత్రం ఒక వాల్వు బతుకుతుందో కాలుతుందో చెప్పడం పిల్లలు కళ్లారా చూశారు.

స్పీకర్ సాకెట్ పక్కన 5 ఓములని రాసి ఉంది. మా దగ్గరున్నవి 8 ఓముల స్పీకర్లు రెండు. సమాంతరంగా కలిపితే 4 ఓములు, దగ్గరగానే ఉంది. ఆ లెక్కా పిల్లలే చేశారు. జనవరి 26న మైకులో మొదట వినిపించింది మా ఏడో తరగతి పాప చదివిన ప్రతిజ్ఞ.

బడులు గుర్తుంచుకోవాల్సినవి

ఇలాంటి యంత్రం మీ బడి సామాను గదిలోనూ ఉండవచ్చు. బాగుచేయించాలనుకుంటే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. లోపల 250 వోల్టుల పైన డీసీ ఉంటుంది, అది ప్రాణాంతకం. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కండెన్సర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. రెసిస్టర్ ద్వారా దాన్ని దించి, మీటర్‌తో సున్నా అని చూసుకున్నాకే చేయి పెట్టాలి. మా పిల్లలు చదవడం, గీయడం, లెక్క కట్టడం, మీటర్ అంకెలు రాసుకోవడం వరకే. కరెంటు ఉన్నప్పుడు లోపల కొలతలు తీసింది, టంకం పెట్టింది తాతగారే. స్పీకర్ కలపకుండా వాల్వు ఆంప్లిఫయర్‌ను ఎప్పుడూ నడపకూడదు. భారం లేకపోతే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజీ పెరిగి చుట్లు తగలబడతాయి. తీసేసిన పాత భాగాలను కవర్లో వేసి, ఎక్కడివో రాసి దాచాలి. తర్వాత ఎవరైనా పోల్చి చూడటానికి అవి పనికొస్తాయి.

ఆ ఆంప్లిఫయర్‌ను ఎవరు తయారుచేశారో ఇప్పటికీ తేలలేదు. అయినా ఇకపై దాన్ని తెరిచేవారు మాలాగా మొదటి నుంచీ వెతకనక్కర్లేదు. పిల్లలు గీసిన సర్క్యూట్ పటాన్ని, కొలతల పట్టికను, నాబ్‌ల జర్మన్ మాటలకు తెలుగు అర్థాలను ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూత లోపలి వైపు అంటించాం. వచ్చే ఏడాది పదో తరగతి పిల్లలు ఆ కొలతలు మళ్లీ తీయించి, పక్క గడిలో తేదీ వేసి రాస్తారు.