ఉక్కు రేకుకూ జన్మపత్రిక

పెండ్లి మాటలకు ముందు జాతకం అడిగినట్లే, విదేశాలలో తయారైన ప్రెషర్ వెసల్‌ను మన దేశంలో రిజిస్టరు చేయించబోతే ఇన్‌స్పెక్టరుగారు దాని ఉక్కు పుట్టుపూర్వోత్తరాలు అడుగుతారు. ఆవిరినో గ్యాసునో గట్టి ఒత్తిడిలో బంధించి ఉంచే పాత్ర అది. ఇంత దళసరి రేకు కళ్ళెదుట ఉండగా కాగితమెందుకని మేమూ ఒకప్పుడు విసుగుకొన్నవారమే.

1905 మార్చి 20న అమెరికాలో బ్రాక్టన్ అనే ఊళ్ళో ఒక బూట్ల ఫ్యాక్టరీ బాయిలరు పేలి 58 మంది చనిపోయారు. మసాచుసెట్స్ రాష్ట్రం 1907లో చట్టం చేసినది. ఆ దేశపు మెకానికల్ ఇంజనీర్ల సంఘంవారి 1914 నాటి కోడు దాని వెనుక వచ్చినదే.

చిక్కేమిటంటే, ఏ దేశపు కోడు ఆ దేశానిదే. అమెరికా కోడులో ఎస్.ఎ. 516 గ్రేడు 70 అనే రేకు విరివిగా వాడుకలో ఉన్నది. మందాన్ని, పనిచేసే చలిని బట్టి దానిని చాలాసార్లు దెబ్బ పరీక్ష లేకుండానే ఒప్పుకొంటారు. యూరపువారు అట్లా వదలరు. రేకు నుండి తీసిన ముక్కకు గాటుపెట్టి, ఊగే సుత్తితో కొట్టి చూడాలి. 20 డిగ్రీలకు మించని వేడిలో అది సామాన్యంగా 27 జౌళ్ళ దెబ్బకైనా ఓర్చాలి. చలికి ఉక్కు పెళుసెక్కుతుంది గదా! అందుచేత అమెరికాలో నిక్షేపంగా చెల్లే పాత్ర అక్కడికి పోతే, ఉక్కుకు మళ్ళీ ప్రత్యేకంగా మదింపు చేయించవలసి వస్తుంది. కెనడాలోనైతే రాష్ట్రానికొక నమోదు. నంబరులో చుక్క తరువాత 5 ఉంటే అంటారియో, 2 ఉంటే ఆల్బర్టా!

మన దేశంలో బాయిలర్లకు 1923 నాటి చట్టం పోయి 2025లో కొత్తది వచ్చినది. ఉక్కు మిల్లు ఇచ్చే పత్రానికి 1950 నాటి రెగ్యులేషన్లు ఫారం 4 అని పేరు పెట్టినవి. గ్యాసు పాత్రల సంగతి నాగపూరులోని పేలుడు పదార్థాల భద్రతా సంస్థ చూస్తుంది.

ఏ దేశమైనా ముఖ్యమైనది హీట్ నంబరే. ఉక్కు కరిగించిన ప్రతి విడతకూ ఒక నంబరు ఇచ్చి, అదే రేకు మీదా పత్రంలోనూ వేస్తారు. రేకును కోసేముందు ఆ నంబరును ప్రతి ముక్క మీదికీ ఎక్కించాలి. లేకుంటే ఆ ముక్క ఎవరి బిడ్డో చెప్పేవారుండరు.

ఒకసారి మా ఫైలులో పత్రం మీద 3 ఉన్నచోట పాత్ర మీద 8 కనబడినది. టైపు పొరపాటై ఉంటుంది, దిద్దేయండి అన్నారు కొందరు. మాకు చేయి రాలేదు. రంగు గీకించి చూస్తే 8 స్పష్టంగా ఉన్నది. మిల్లుకు వ్రాసి మూడు వారాలు కాచుకొన్నాము. గుమాస్తాల చాదస్తమని మాటలు పడినాము. చివరికి మిల్లు నుండి వేరే పత్రమే వచ్చినది. మా దగ్గర అంతవరకు ఉన్నది ఇంకొక రేకుదట.