ఆటుపోట్లు తెలిసిన ప్రయాణమే క్షేమం
పులికాట్ సరస్సు, ముఖద్వారాలలో పడవ ప్రయాణానికి జాగ్రత్తలు
(ప్రత్యేక వ్యాసం)

ఆంధ్రప్రదేశ్, తమిళనాడు సరిహద్దులో విస్తరించిన పులికాట్ సరస్సు మన దేశపు ఉప్పునీటి సరస్సులలో చిలక తరువాత రెండవది. శ్రీహరికోట దీవి దీనిని బంగాళాఖాతం నుంచి వేరుచేస్తున్నది. సరస్సులో అధిక భాగం లోతు ఒకటి, రెండు మీటర్లకు మించదు. లోతు తక్కువ గనుక ప్రమాదమూ తక్కువేనని భావించరాదు. 2011 డిసెంబరు 25న పళవేర్కాడు వద్ద విహారయాత్రికుల పడవ బోల్తాపడి 22 మంది మరణించారు. సామర్థ్యానికి మించి జనం ఎక్కడం, లైఫ్ జాకెట్లు ధరించకపోవడం ఆ విషాదానికి దారితీశాయి.

ముఖద్వారం వద్ద

సరస్సు సముద్రంతో కలిసే ఇరుకైన ముఖద్వారం అత్యంత ప్రమాదకరమైన చోటు. ఆటు సమయంలో సరస్సు నీరంతా ఈ సందు గుండానే వేగంగా బయటకు పోతుంది. ఆ ప్రవాహానికి సముద్రపు అలలు ఎదురైనప్పుడు అవి నిటారుగా లేచి ఇసుక మేటలపై విరుగుతాయి. అమావాస్య, పౌర్ణమి రోజులలో ఈ ఉద్ధృతి అధికం. కావున నీరు పెరుగుతున్నప్పుడు గాని, పోటు నిలిచిన వేళలో గాని దాటుట శ్రేయస్కరం. పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకు ఒకసారి వస్తుంది. అందువలన నిన్నటి వేళకంటే నేడు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుందని గుర్తుంచుకోవాలి. దాటుతున్నప్పుడు పడవను అలలకు అడ్డంగా తిప్పరాదు. తుపానుల అనంతరం మేటలు స్థానం మారుతాయి గనుక పాత దారినే నమ్ముకొనరాదు.

లోతు తక్కువైన దారులలో

నీరు పెరుగుతున్నప్పుడు బయలుదేరితే, పడవ మేటపై చిక్కుకొన్నా వచ్చే నీరే దానిని పైకి తేలుస్తుంది. నీరు తీస్తున్నప్పుడు చిక్కుకొంటే మరుసటి పోటు వరకు గంటల తరబడి నిరీక్షించవలసి వస్తుంది. బురద నీటిలో అడుగు కనిపించదు గనుక గెడతో లోతు చూసుకొంటూ నెమ్మదిగా సాగాలి. పడవ అడుగు తగిలిన వెంటనే ఇంజను ఆపి, ప్రొపెల్లరును పైకెత్తి, గెడతో వచ్చిన దారినే వెనుకకు నెట్టాలి. కట్టిన వలలకు దూరంగా నడపాలి. ఇరుకు దారిలో ఎదురుపడిన పడవలు తమ తమ కుడివైపునకు తప్పుకోవాలి.

ప్రయాణికులు

ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్‌ను ఎక్కకముందే ధరించి, గట్టిగా బిగించుకోవాలి. పడవ కదులుతుండగా లేచి నిలబడడం, ఛాయాచిత్రాల కొరకు అందరూ ఒకేవైపు చేరడం ప్రమాదకరం. జనం ఎక్కువైతే సరంగు నిస్సంకోచంగా నిరాకరించాలి. వాతావరణ హెచ్చరికలు ఉన్న రోజున ప్రయాణం మానుకోవాలి. తిరిగివచ్చే సమయాన్ని ఒడ్డునున్నవారికి తెలిపి వెళ్లాలి. సముద్రంలో ఆపద ఏర్పడినచో తీరరక్షక దళానికి 1554 నంబరుపై తెలియజేయవచ్చును.

పోటు వేళ కొరకు ఒడ్డున కొంతసేపు వేచి ఉండడం వలన కలిగే ఆలస్యం స్వల్పం. ఆ కొద్దిపాటి ఓర్పు కుటుంబాలను కాపాడుతుందని మత్స్యకారులు, పడవ యజమానులు, సందర్శకులు గుర్తించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.