నీటి పంజరాలు

నేలను దున్ని పంట తీయడం మానవుడు వేల ఏళ్ల క్రితమే నేర్చాడు. సముద్రంలో మాత్రం అతడు చాలాకాలం వేటగాడిగానే మిగిలాడు. వలకు చిక్కినదే అతని భాగ్యం. వేట పెరిగి మత్స్యసంపద తరుగుతున్న కొద్దీ, చేపను వెతుక్కుంటూ పోవడానికి బదులు ఉన్నచోటనే పెంచుకోవాలనే ఆలోచన బలపడింది. ఆ ఆలోచన ఫలితమే పంజరాలలో చేపల పెంపకం.

నీటిపై తేలే చట్రం, దానికి వేలాడే వల, అది కొట్టుకుపోకుండా అడుగున లంగరు - పంజరమంటే స్థూలంగా ఇంతే. వల కన్నుల గుండా నీరు నిరంతరం ప్రవహిస్తుంది. అందువల్ల చేపలకు ప్రాణవాయువు అందుతుంది, మలినాలు తొలగిపోతాయి. చెరువు తవ్వే పని లేదు. నీటిని తోడే ఖర్చు లేదు. కొద్దిపాటి చోటులోనే అధిక దిగుబడి సాధ్యమవుతుంది. నార్వే దేశంలో 1970లో ఈ పద్ధతిలో సాల్మన్ చేపల పెంపకం విజయవంతమై, నేడు ఆ దేశపు ప్రధాన ఎగుమతులలో ఒకటిగా నిలిచింది.

మన దేశంలో తొలి సముద్ర పంజరం తెలుగువారి తీరంలోనే వెలసింది. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2007లో విశాఖపట్నం వద్ద 15 మీటర్ల వ్యాసం గల పంజరాన్ని నెలకొల్పి, అందులో పండుగప్ప చేపలను పెంచింది. తరువాతి కాలంలో కోబియా, పాంపనో వంటి జాతుల పిల్లలను ఉత్పత్తి చేసే విధానాలు కూడా రూపొందాయి. అయితే తీరానికి తుఫానుల బెడద ఉంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను అతలాకుతలం చేసింది. అటువంటి గాలికి ఒక్క పూటలో ఏడాది శ్రమ గల్లంతు కావచ్చు.

సంగారెడ్డి జిల్లాలోని న్యాల్‌కల్ ప్రాంతానికి సముద్రం బహుదూరం. కానీ మహారాష్ట్రలో పుట్టిన మంజీర కర్ణాటకను దాటి ఈ వైపునే తెలంగాణలో అడుగుపెడుతుంది. దిగువన సింగూరు జలాశయం సుమారు 30 టీఎంసీల నీటిని నిలుపుకోగలదు. సముద్రంలో పండుగప్పకు అనువైన పద్ధతే జలాశయాలలో పంగాసియస్, తిలాపియా చేపలకు వర్తిస్తుంది. 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఇటువంటి పంజరాలకు సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి 60 శాతం రాయితీ నిర్ణయించారు.

లాభం మాత్రం మేత మీద ఆధారపడి ఉంటుంది. ఒక పంజరంలో 3,000 కిలోల చేప పండిందని, కిలో 100 రూపాయలకు అమ్ముడయిందని అనుకొంటే రాబడి 3,00,000 రూపాయలు. కిలో చేప పెరగడానికి 40 రూపాయల ధర గల మేత కిలోన్నర పడితే ఆ ఖర్చు 1,80,000 రూపాయలు. అదే రెండు కిలోలు పడితే 2,40,000 రూపాయలు. అప్పుడు మిగిలిన 60,000 రూపాయలలోనే చేప పిల్లల వెల, కూలి, కాపలా, వల అరుగుదల గడవాలి. కొలత తెలియక చల్లిన మేత నీటిపాలవుతుంది, నీటినీ పాడుచేస్తుంది.

ఇక్కడ మరొక బాధ్యత ఉంది. సింగూరు నీరు ఎందరికో తాగునీరు. పంజరాల సంఖ్య మితిమీరితే అడుగున మలినం పేరుకొని నీటి స్వచ్ఛత దెబ్బతింటుంది. పైగా మంజీర వాననే నమ్ముకొన్న నది. వరుస కరువుల వల్ల 2016 వేసవి నాటికి సింగూరు దాదాపు ఎండిపోయింది. నీరు లేని పంజరం వట్టి కట్టెల గూడు. కాబట్టి లోతు చూసి, అదను చూసి, నీటిమట్టం తగ్గకముందే పంట తీసుకోవడం వివేకం.

పెట్టుబడి గలవారి చేతికే పంజరాలు చిక్కితే, తరతరాలుగా వల వేసి బతికిన బెస్త, ముదిరాజ్ కుటుంబాలు తమ నీటిలోనే కూలీలుగా మారే ప్రమాదం ఉంది. మత్స్య సహకార సంఘాలే పంజరాలకు యజమానులైతే లాభం ఊరిలో నిలుస్తుంది. నీటిని కాపాడుతూ, నీటిని నమ్ముకొన్నవారిని నిలబెట్టినప్పుడే ఈ విజ్ఞానం సార్థకమవుతుంది.