ఆ చొక్కా విడిగా ఉతకండి!

మొన్న వేసవిలో మా తోడికోడలి ఎనిమిది నెలల బాబుకి ఒంటినిండా దద్దుర్లు. రాత్రంతా ఒకటే ఏడుపు. "చెమటకాయలే, ఇంకేముంది?" అన్నారు అత్తయ్య. పౌడరు జల్లాం, సబ్బు మార్చాం. తగ్గితే ఒట్టు! చివరికి డాక్టరుగారు అడిగిన ప్రశ్నకి అందరం తెల్లబోయాం. "వీళ్ల నాన్న ఏం పని చేస్తాడమ్మా?"

మా మరిదికి విజయవాడ ఆటోనగర్‌లో చిన్న షెడ్డుంది. కార్ల లోపల స్పీకర్ బాక్సులు, డ్యాష్‌బోర్డులు ఎవరికి కావలసినట్టు వాళ్లకి ఫైబర్‌తో చేసిస్తాడు. అసలు ఆ పనేమిటో చూద్దామని మర్నాడే వెళ్లాను.

చెక్క చట్రం మీద సాగే గుడ్డని బిగించి కట్టారు. తేనెలా చిక్కగా ఉన్న రెజిన్‌లో కాస్త హార్డెనర్ కలిపి బ్రష్షుతో పూశారు. కిలోకి పది, ఇరవై గ్రాములు చాలట. చూస్తూండగానే గుడ్డ అట్టలా బిగుసుకుపోయింది! దాని మీద గాజుపీచు మ్యాట్ పరిచి మళ్లీ రెజిన్ పూస్తారు. ఆరాక గీరి, పుట్టీ పెట్టి, రెగ్జిన్ తొడుగుతారు. "ఎంత వంకర సందులోనైనా అతికినట్టు కూర్చుంటుంది వదినా. 1953లోనే అమెరికాలో కార్వెట్ కారుకి బాడీ మొత్తం దీంతోనే చేశారు" అన్నాడు గర్వంగా.

నిజమే, ముచ్చటైన పనే. కానీ గీరేటప్పుడు లేచే గాజునూగు చొక్కాలో దిగబడుతుంది. ఆ చొక్కానీ, బాబు జుబ్బాలనీ మేం ఒకే బకెట్లో నానబెడుతున్నాం!

అంతలో దాహమేసి కిటికీలో ఉన్న మంచినీళ్ల సీసా అందుకోబోయాను. "వదినా, అది హార్డెనర్!" అని మరిది కేకేశాడు. చూడ్డానికి తేటగా నీళ్లలాగే ఉంది. తాగితే గొంతు, పేగులు కాలిపోతాయి. కంట్లో పడితే చూపే పోవచ్చు. అలాంటిదాన్ని నీళ్ల సీసాలో పోస్తారా ఎవరైనా? ఆ రోజు మరిదికి గట్టిగానే చీవాట్లు పెట్టాను.

ఇప్పుడు మా ఇంట్లో కొన్ని నియమాలున్నాయి. పనిబట్టలు షెడ్డులోనే విప్పి, దులపకుండా సంచిలో వేసి తేవాలి. విడిగా ఉతికి, ఆ బకెట్టుని బాగా కడగాలి. పని అయ్యాక ఒళ్లు రుద్దకుండా చన్నీళ్లతో కడుక్కోవాలి. హార్డెనర్ దాని డబ్బాలోనే ఉండాలి. కోబాల్ట్‌ని, హార్డెనర్‌ని నేరుగా కలపనే కూడదు, భగ్గుమంటుంది. ముక్కుకి కట్టుకునే చేతిరుమాలు రెజిన్ ఆవిరిని ఆపదు. రసాయనాల ఆవిరికి పనికొచ్చే ఫిల్టర్ మాస్కే పెట్టుకోవాలి, కళ్లకి అద్దాలు తప్పనిసరి. కంట్లో చుక్క పడిందా, పావుగంట ఆపకుండా నీళ్లతో కడిగి ఆస్పత్రికి పరుగెత్తాల్సిందే.

"ఈ ముసుగేంటి వదినా, కుర్రాళ్లు నవ్వుతున్నారు" అని మొదట్లో గొణిగాడు. "నవ్వితే నవ్వనీ, వాళ్లకీ తలా ఒకటి కొను" అన్నాను. కొన్నాడు.

నాలుగైదు రోజుల్లో దద్దుర్లు మాయం. బాబు హాయిగా నిద్రపోతున్నాడు. మీ ఇంట్లో కూడా ఫైబర్ పని చేసేవాళ్లున్నారా? అయితే ఇవాళే ఒకసారి మీ బట్టల బకెట్ వైపు చూడండి!