బెంట్స్ ఓల్డ్ ఫోర్ట్

బెంట్స్ ఓల్డ్ ఫోర్ట్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కొలరాడో రాష్ట్రంలో, లా హంటా పట్టణానికి సమీపాన, ఆర్కన్సా నది ఉత్తరపు ఒడ్డున గల చారిత్రక వర్తక కోట. పేరుకు కోటయే గాని దీనిని కట్టినది రాజులు గాని సైన్యం గాని కాదు. ఛార్లెస్ బెంట్, విలియం బెంట్ అను సోదరులు, వారి భాగస్వామి సెరాన్ సెయింట్ వ్రెయిన్ తమ వ్యాపారం కొరకు 1833లో దీనిని పచ్చి ఇటుకలతో నిర్మింపజేశారు.

చరిత్ర

1819 నాటి ఒప్పందం ప్రకారం ఈ ప్రాంతంలో ఆర్కన్సా నది అమెరికాకు, స్పెయిన్ వలసరాజ్యానికి సరిహద్దు అయినది. 1821లో స్వతంత్రం పొందిన మెక్సికో విదేశీ వర్తకాన్ని అనుమతించగా, మిస్సోరీ నుండి శాంటా ఫే వరకు బండ్ల బాట ఏర్పడినది. ఆ బాట ప్రక్కనే, సరిహద్దు నదికి అమెరికా వైపున వెలసినది ఈ కోట.

షయాన్, అరాపహో జాతులవారు బైసన్ (అమెరికా అడవిదున్న) తోళ్లు తెచ్చి దుప్పట్లు, పూసలు, కత్తులు, తుపాకులు, లోహపు పాత్రలు తీసుకొనిపోయేవారు. ఆ తోళ్లను శుభ్రపరచి మెత్తబరచే కష్టమంతా ఆ జాతుల స్త్రీలదే. విలియం బెంట్ షయాన్ స్త్రీ అయిన ఔల్ ఉమన్‌ను వివాహమాడినాడు. ఈ బంధుత్వం అతని వర్తకానికి కోటగోడలకన్న గట్టి రక్షణ అయినదనవచ్చును. కోట వంటశాలలో పేరుపొందిన షార్లట్ గ్రీన్ మాత్రం బెంట్ కుటుంబపు బానిస.

1846లో మెక్సికోపై యుద్ధానికి బయలుదేరిన జనరల్ కెర్నీ సైన్యం ఇక్కడ విడిసినది. బందరులో 1611లో వెలసిన ఆంగ్లేయుల వర్తక స్థానం చరిత్ర ఎరిగిన తెలుగు పాఠకులకు, వర్తకుని వెంట సైన్యం రావడం కొత్త సంగతి కాదు. అమెరికా పక్షాన న్యూ మెక్సికో గవర్నరుగా నియమితుడైన ఛార్లెస్ బెంట్ 1847 జనవరిలో టావోస్ తిరుగుబాటులో హతుడైనాడు. 1848 సంధితో సరిహద్దు దక్షిణానికి జరిగిపోయినది. 1849లో కోటను వదలివేశారు. విలియమే దానిని పేల్చివేసినాడన్న కథ ప్రచారంలో ఉన్నది గాని, చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు.

సందర్శన

నేడు సందర్శకులు చూసే కట్టడం 1976లో పునర్నిర్మించినది. పాత గోడలు ఏనాడో మట్టిలో కలిసిపోయినవి. 1846లో జబ్బుపడి ఇక్కడ ఆగిన సైనికాధికారి జేమ్స్ ఏబర్ట్ కోట కొలతలు తీసి, బొమ్మలు గీసినాడు. ఆ చిత్రాలు, పురాతత్వ త్రవ్వకాలలో బయటపడిన పునాదులు పునర్నిర్మాణానికి ఆధారమైనవి. నడుమ విశాలమైన ముంగిలి, చుట్టూ గదులు, మూలలలో గుండ్రని బురుజులు, కమ్మరి కొలిమి, తోళ్లను అదిమి మూటకట్టే కొయ్య యంత్రం చూడదగినవి. షయాన్‌ల గుడారాలు గోడల వెలుపల ఉండేవి. కనుక వారి జాడ కోట గదులలో వెదకితే దొరకదు.

దాని కొరకు ఈశాన్యంగా ఉన్న శాండ్ క్రీక్‌కు వెళ్లవలెను. 1864 నవంబరు 29న కర్నల్ షివింగ్టన్ సేన అచ్చట షయాన్, అరాపహోల శిబిరంపై పడి 150 మందికి పైగా చంపినది. హతులలో అధికులు స్త్రీలు, పిల్లలు, వృద్ధులు. విలియం బెంట్ కుమారులలో రాబర్టును సైన్యం దారి చూపుమని బలవంతంగా తీసుకొనిపోయినది. జార్జి ఆ శిబిరంలోనే ఉండి గాయపడినాడు. ఆ ప్రదేశం 2007లో జాతీయ చారిత్రక స్థలమైనది. అక్కడ తిరిగి కట్టిన గోడలు లేవు. చూడవలసినది వాగు, దాని చుట్టూ ఉన్న గడ్డిమైదానం.