పళ్లు తెల్లబడాలా? ముందు క్యాప్ సంగతి చూసుకోండి

అక్క పెళ్లికి ఇంకా నెలన్నర. సెల్ఫీల్లో నా పళ్లు పచ్చగా పడుతున్నాయి. నైట్ షిఫ్ట్ కాఫీల పుణ్యం! డెంటిస్ట్ దగ్గరికి వెళ్తే ముందు క్లీనింగ్ చేశారు. గారతో పాటే సగం మరకలు పోయాయి.

మిగతా రంగుకి దారులు రెండు. క్లినిక్‌లో అయితే చిగుళ్లకు రక్షణ పూత వేసి, 25-40 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ జెల్ రాస్తారు. గంట, గంటన్నరలో తేడా తెలుస్తుంది. రెండోది, మన పళ్ల అచ్చుతో చేసిన ట్రేలో తక్కువ గాఢత జెల్ వేసుకుని రాత్రిళ్లు ఇంట్లోనే పెట్టుకోవడం. దీనికి దాదాపు రెండు వారాలు.

నేను ట్రే తీసుకున్నా. చల్లనీళ్లు తాగితే కొన్నాళ్లు పళ్లు జివ్వుమన్నాయి, తర్వాత తగ్గింది.

అసలు చిక్కు వేరే. బైక్ మీంచి పడ్డప్పుడు ముందు పన్నుకి వేయించిన క్యాప్ జెల్‌కి రంగు మారదు! ఫిల్లింగ్‌లూ అంతే. అందుకే ముందు పళ్లు తెల్లబరిచి, రంగు కుదురుకున్నాక దానికి తగ్గ కొత్త క్యాప్ వేయించుకోవాలి. నల్గొండ వైపు కనిపించే ఫ్లోరైడ్ మరకలైతే వైట్‌నింగ్ ఒక్కటే సరిపోకపోవచ్చు.

నిమ్మకాయ, బొగ్గుపొడి రీల్స్ మాత్రం నమ్మకండి. అరిగిన ఎనామిల్ మళ్లీ రాదు.

పాల తెలుపు రాలేదు గానీ, పెళ్లి ఫొటోల్లో నోరు మూసుకోకుండా నవ్వా. అది చాలు!